కొంచెము కొంచెముగా

ధ్యానభాగములు: నిర్గమకాండము 23:29, 30, మార్కు 8:22–25



ఐగుప్తునుండి బయలుదేరిన ఇశ్రాయేలీయులకు దేవుడు కనాను దేశమును ఇత్తునని వాగ్దానము చేసెను. అక్కడనున్న శత్రువులను తొలగింతునని కూడ చెప్పెను. అయితే ఆ పని ఒక్క ఏడాదిలో ముగింపనని ఆయన ముందుగానే తెలియజేసెను. ఒక్కసారిగా తోలివేసినయెడల నేల పాడుపడిపోవును, అడవి జంతువులు పెచ్చుపెరిగి జనులకే ఆపద తెచ్చును. కాబట్టి వారు పెరిగి ఆ నేలను సాగుచేసికొనగలిగిన కొలది, కొంచెము కొంచెముగా ఆ పని చేయుదునని ఆయన వారికి తెలిపెను.

సేద్యము చేయువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. రెండేండ్లు బీడు పెట్టిన చేనిలోనికి తుమ్మతుప్పలు ఎట్లు వచ్చునో, వాటి వెనుక అడవిపందులు ఎట్లు వచ్చునో మీరెరుగుదురు. ఖాళీ చేయుట ఒక పని. ఖాళీయైన చోట నాగలి పెట్టుట మరియొక పని. సర్వశక్తుడైన దేవునికి ఒక్క దినము చాలును గదా, ఇన్ని సంవత్సరములు ఎందుకని ఆ దినములలో కొందరైనను సణిగి యుందురు. మేమైతే తప్పక సణిగెడివారము. నిదానమును అవిశ్వాసమనుకొని మేమొక గొప్ప తప్పు చేసితిమి. ఈ నెల ఈ వాక్యమును ఎంచుకొనుటకు కారణమదియే.

మూడేండ్ల క్రిందటి సంగతి. మా పాస్టరేటులోని ఒక పల్లెలో కుట్టుమిషనుమీద బ్రదుకుచున్న ఒక సహోదరి కలదు. ఆమె అనుమతి తీసికొని, ఆనవాలు తెలియకుండ కొన్ని సంగతులు మార్చి వ్రాయుచున్నాము. తల్లి చనిపోయిన తరువాత ఆమె మనస్సు కుంగిపోయెను. అన్నము సయించలేదు, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చెడిది, పాటల పుస్తకము తెరచినను నోట మాట రాలేదు. మిషనుమీద కప్పిన గుడ్డ నెలల తరబడి తీయలేదు. భర్త ఆమెను పట్టణమునకు తీసికొనిపోగా డాక్టరు డిప్రెషను అని చెప్పి మాత్రలు వ్రాసెను. రెండు నెలలలో ఆమె తేరుకొనెను. గుడ్డ తీసి మరల కుట్టనారంభించెను. ఆదివారము స్త్రీల వరుసలో ఆమె గొంతు మరల వినబడెను.

ఆ విధముగా ఏడాదిన్నర గడిచెను. అప్పుడు బంధువులు మొదలుపెట్టిరి. అవి పిచ్చి బిళ్లలని ఒకరు, అలవాటైతే చచ్చేదాక మానలేవని ఒకరు. ఒక సాయంకాలము ఆమె మా యింటికి వచ్చి అడిగెను: "అయ్యగారూ, నేను బిళ్లలకు బానిసనైపోయానంటారా?" మేము దానికి సరియైన జవాబు చెప్పలేదు. మాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, ప్రార్థన చేసికొనుమని చెప్పి పంపితిమి.

ఆ నెలలోనే మా గుడి ఆవరణములో మూడు రాత్రులు ఉజ్జీవ కూటములు జరిగెను. చివరి రాత్రి విశ్వాసమున్నవారు తమ మందులను తెచ్చి బల్లమీద పెట్టవలెనని పిలుపు ఇయ్యబడెను. ఆమె తన మాత్రల షీటు తెచ్చి పెట్టెను. జనులు చప్పట్లు కొట్టిరి. అప్పుడు మైకు మా చేతిలో ఉండెను. స్తోత్రము చెల్లించుదమని పలికినది మేమే.

మూడవ దినమున ఆమెకు తల తిరుగుట ఆరంభమాయెను. పడవలో నిలిచినట్లున్నదని చెప్పెను. కండ్లు ఇటునుండి అటు త్రిప్పినప్పుడెల్లను తలలో కరెంటు తగిలినట్లు జల్లుమనుచుండెను. రాత్రులు భయంకరమైన కలలు. కారణము లేకుండ ఏడ్పు. సూదిలో దారము ఎక్కించలేనంతగా చేతులు వణకెను. మేము వెళ్లి ప్రార్థన చేసి, ఇది సాతాను శోధన, విశ్వాసము విడువకుమని చెప్పి వచ్చితిమి. స్త్రీల సమాజమువారు ఆమెకొరకు ఉపవాసముండిరి. వారి ప్రేమయందు లోపమేమియు లేదు. పదకొండవ రాత్రి భర్త ఆమెను పెరటిలో చీకటిలో కూర్చుండగా కనుగొనెను. ఇక బ్రదుకు వద్దని ఆమె అతనితో చెప్పెను.

మరునాడు ఉదయము ఆటోలో ఆమెను జిల్లా కేంద్రములోని ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అక్కడి డాక్టరమ్మ చిన్న వయస్సుది. పాత మందుల చీటి చూచి, "ఈ బిళ్లలో ఒకటి కాదు, రెండు మందులున్నాయి. ఎప్పుడు ఆపారు? ఎవరు ఆపమన్నారు?" అని అడిగెను. భర్త మా వైపు చూచెను. ఆ సహోదరి మాత్రము మమ్మును కాపాడుటకా అన్నట్లు నేలవైపు చూచుచుండెను. మేమే అని చెప్పుటకు మాకు కొంతసేపు పట్టెను.

ఆ దినమునుండి ఈ సంగతినిగూర్చి దొరికినది చదివితిమి, తెలిసినవారిని అడిగితిమి. ఆమె మా యింటికి వచ్చి అడిగిన ప్రశ్నకు ఆలస్యముగానైనను జవాబు చెప్పవలెను గదా.

సారా త్రాగువాడు దానికొరకు ఆశపడును. నిన్నటి గ్లాసు నేడు చాలదు. ఇంటి గిన్నెలు తాకట్టు పెట్టియైనను తెచ్చుకొనును. డిప్రెషను మాత్ర వేసికొనువారిలో అట్టి ఆశ కనబడదు. వారు వేసికొనుటయే మరచిపోవుచుందురు. అందుచేత ఈ మాత్రలను సారాతో జతకట్టుట అన్యాయము. అయితే శరీరము వాటికి అలవాటుపడును. నెలల తరబడి మందు వచ్చుచుండగా మెదడు దానికి తగినట్లు తన పనిని సర్దుకొనును. హఠాత్తుగా ఆగినప్పుడు మరల సర్దుకొనుటకు దానికి వ్యవధి కావలెను. కొందరికి కొన్ని దినములు, కొందరికి వారములు, కొద్దిమందికి నెలలు. పుత్తూరు కట్టు కట్టించుకొన్నవారిని చూచితిరి గదా. ఎముక అతుకుకొన్నను, కట్టు విప్పిన దినముననే ఎవరును బస్తా మోయరు. కండ సన్నబడి యుండును. కట్టుకు బానిసయైనాడని వానిని ఎవరైన గేలిచేయుదురా?

ఆ సహోదరి మాత్రలోని రెండవ మందు సంగతి వేరు. మన దేశములో ఎస్సిటాలోప్రామ్ అను డిప్రెషను మందును, క్లోనజెపామ్ అను మందును కలిపి ఒకే మాత్రగా విరివిగా అమ్ముచున్నారు. క్లోనజెపామ్ ఆందోళనను అణచి మత్తుగా నిద్ర పట్టించు జాతిది. దీనికి నిజముగా అలవాటుపడు ప్రమాదము కలదు. చాలకాలము వాడి ఒక్కసారిగా ఆపినవారికి ఫిట్సు కూడ రావచ్చును. మన పల్లెలలో నరాల బిళ్ల, నిద్ర బిళ్ల అని చెప్పి ఇచ్చునవి అనేకముగా ఈ జాతివే. పేరు తెలియక, చీటి లేక, షాపులో పాత షీటు చూపించి కొనుక్కొనువారు మన సంఘములలో చాలమంది యున్నారు. షీటు పారవేయకుడి. అందులో ఏమి యున్నదో చదువ వచ్చిన పిల్లలచేత చదివించుకొని, డాక్టరునే అడుగుడి.

ఈ మాత్రలు ఎక్కడనుండి వచ్చెనో కొందరు అడుగుదురు. క్షయ ఆసుపత్రి అనగానే మనలో పెద్దలకు మదనపల్లె ఆరోగ్యవరము జ్ఞాపకము వచ్చును. 1952లో న్యూయార్కులోని సీ వ్యూ అను అట్టి క్షయ ఆసుపత్రిలో ఇప్రోనయాజిడ్ అను క్రొత్త మందు ఇచ్చి చూచుచుండగా, మంచము పట్టిన రోగులు ఉత్సాహముతో తిరుగాడిరి. రొమ్ము జబ్బుకు ఇచ్చిన మందు మనస్సుకు తగిలెను. అదే దశాబ్దములో స్విట్జర్లాండు డాక్టరు రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ అను మందు కుంగుబాటును తగ్గించుచున్నదని కనుగొని 1957లో ప్రకటించెను. హఠాత్తుగా ఆపినవారికి వికారము, నిద్రలేమి, ఆందోళన వచ్చుచున్నవని 1961 నాటికే వైద్య పత్రికలలో వ్రాయబడినది. అనగా ఈ సంగతి క్రొత్తది కాదు. అయినను బాధపడినవారి మాట చాలకాలము ఎవరును చెవిని పెట్టలేదు. ఇంగ్లండులో వైద్యులకు దారి చూపు నైస్ అను ప్రభుత్వ సంస్థ, ఆపినప్పటి బాధ సాధారణముగా స్వల్పమనియు ఒక వారములో పోవుననియు చెప్పుచు వచ్చెను. రోగులు తమ అనుభవము అట్లు లేదని మొరపెట్టగా మొరపెట్టగా, 2019లో ఆ మాట మార్చెను. కొందరికి అది తీవ్రముగాను దీర్ఘకాలముగాను ఉండునని ఒప్పుకొనెను. గొప్ప విద్వాంసులే తమ వాక్యము దిద్దుకొన్నప్పుడు పల్లె పాదిరికి దిద్దుకొనుట నామోషీ కాకూడదు.

ఇది చదివి, మాత్ర వేసికొనుచున్నవారు భయపడవద్దు. అందరికి ఈ బాధ రాదు. 2024లో జర్మనీ పరిశోధకులు 79 పరిశోధనలను కలిపి లెక్క చూచిరి. మందు ఆపినవారిలో ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక బాధ కనబడెను. విచిత్రమేమనగా, మందు లేని ఉత్తి మాత్ర వేసికొని ఆపినవారిలో కూడ ఆరుగురిలో ఒకరికి అట్టి బాధ కనబడెను. భయము కూడ తల త్రిప్పును! ఆ భాగము తీసివేయగా, మందు మూలముగా బాధపడువారు ఆరేడుగురిలో ఒకరు. తీవ్రముగా బాధపడినవారు ఇంచుమించు 35 మందిలో ఒకరు. ఆ పరిశోధనలలో చాల వాటియందు మందు కొద్ది నెలలే వాడినవారుండిరి గనుక, ఏండ్ల తరబడి వాడినవారికి ఈ లెక్క సరిపడదని కొందరు వైద్యుల వాదన. అది న్యాయమైన మాటగానే మాకు తోచుచున్నది. మందు రకమునుబట్టియు మారును. ఫ్లూఆక్సెటీన్ శరీరమునుండి మెల్లగా పోవును గనుక బాధ తక్కువ. పారాక్సెటీన్, వెన్లాఫాక్సిన్ త్వరగా పోవును గనుక ఎక్కువ.

ఆపదలచినవారు ఎట్లు ఆపవలెను? ఇక్కడనే మా ధ్యానవాక్యము మమ్మును ఆశ్చర్యపరచినది. మాత్రలో సగము తగ్గించినప్పుడు మెదడుమీద దాని పని సగము తగ్గిపోవునని మనమనుకొందుము. అట్లు కాదట. దిగుడుబావి మెట్లు తలంచుకొనుడి. పైమెట్లు పొట్టివి, సులువుగా దిగుదుము. అడుగుకు పోయిన కొలది ఒక్కొక్క మెట్టు ఎత్తు పెరిగిపోయిన బావి యొకటి యుండినయెడల, చివరి మెట్టు దూకుటయే అగును. ఈ మందులు అట్టివి. చిన్న మోతాదులో కూడ ఇవి చాల గట్టిగా పనిచేయును గనుక, చివర మిగిలిన చిన్న ముక్కను మానుటయే అన్నిటికంటె పెద్ద మెట్టు. కాబట్టి క్రిందికి పోయిన కొలది ఇంకను చిన్న చిన్న భాగములుగా తగ్గించవలెనని 2019లో హోరోవిట్జ్, టేలర్ అను ఇద్దరు వైద్యులు వ్రాసిరి. 2022లో నైస్ మార్గదర్శకమును ఆ పద్ధతినే అంగీకరించెను. ఒక సంవత్సరములో తోలివేయనన్న దేవుని మాట మాకు అప్పుడు మరల వినబడెను.

మన ఊళ్లలో జరుగు ఒక పొరపాటు చెప్పక తప్పదు. డబ్బు కలిసివచ్చునని, లేక మానివేయుటకు మొదలని, దినము విడిచి దినము వేసికొనుచుందురు. త్వరగా పోవు మందులైతే ఇది మేలు చేయదు. మెదడును ఒక దినము ఎత్తి ఒక దినము పడవేసినట్లగును. దినమును తప్పించుటకంటె మోతాదును తగ్గించుట మంచిది. అన్ని మాత్రలను విరువను కూడదు. మెల్లగా కరగునట్లు చేసిన మాత్రలు, గొట్టాలు విరిచినచో మందంతయు ఒక్కసారి దిగును. ఏది విరువవచ్చునో డాక్టరునో మందుల షాపులో చదువుకొన్నవారినో అడిగి తెలిసికొనుడి. కోతలకు, కూలికి హైదరాబాదు పోవువారు తిరిగి వచ్చువరకు సరిపడ మాత్రలు మూటలో పెట్టుకొనుడి. మానదలచక పోయినను, మాత్రలు అయిపోయి మానినవారు ఎందరో.

మరియొక సంగతి. ఆపిన కొద్ది దినములకే తల తిరుగుట, తలలో కరెంటు జల్లులు, వికారము వచ్చినయెడల అది చాల మట్టుకు మందు ఆగిన బాధ. పాత కుంగుబాటు తిరిగి వచ్చుట సాధారణముగా వారములు నెలలు గడచిన తరువాత, మెల్లగా జరుగును. దానికి కరెంటు జల్లులుండవు. ఈ రెంటికి భేదము తెలియక, చూచితివా, మాత్ర లేనిదే బ్రదుకలేవు అని ఇంటివారందురు. విశ్వాసము లేదని మేమంటిమి. రెండును తప్పే.

అందరును మానవలసినదే అని మేము చెప్పుటలేదు. చాలకాలము మందు వాడి బాగుగానున్నవారిని ఇంగ్లండులో కొందరిని కొనసాగించి, కొందరిచేత మెల్లగా మాన్పించి ఒక ఏడాది చూచిరి. 2021లో ఫలితము వెలువడెను. కొనసాగించినవారిలో నూటికి 39 మందికి, మానినవారిలో నూటికి 56 మందికి కుంగుబాటు తిరిగి వచ్చెను. అనగా మానినను బాగుగానున్నవారును ఉన్నారు, వేసికొనుచు పడిపోయినవారును ఉన్నారు. ఎవరు ఏ గుంపులోనివారో గుడిలో బల్లముందర తేల్చు సంగతి కాదు. బి.పి. మాత్ర వలె దీనిని జీవితకాలము వేసికొనవలసినవారు కూడ మన మధ్య యున్నారు. వారు ప్రభువు బల్లలో మనతోకూడ సమానముగా పాలుపొందువారు.

హిజ్కియా రాజు మరణకరమైన రోగములో గోడతట్టు తిరిగి ఏడ్చి ప్రార్థించెను. దేవుడు ఆయన కన్నీరు చూచి ఆయుస్సు పెంచెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద పెట్టించెను. ప్రార్థన వినబడిన తరువాత పెట్టిన మందు అది. ఈ కథ మేము ఎన్ని మారులు ప్రసంగించితిమో! ఆ పండ్ల ముద్దను దాటిపోయితిమి.

బేత్సయిదాలో ప్రభువు గ్రుడ్డివానిని ఊరి వెలుపలికి చెయ్యిపట్టుకొని నడిపించెను. మొదటి మారు చేతులుంచగా వానికి మనుష్యులు నడచుచున్న చెట్లవలె కనబడిరి. సగము చూపు. వాడు సిగ్గుపడక ఉన్నది ఉన్నట్లు చెప్పెను. ప్రభువు కోపపడలేదు, విశ్వాసము తక్కువని గద్దింపలేదు, మరల చేతులుంచెను. ఆ మధ్యనున్న గడియనుగూర్చి మేము తరచుగా ఆలోచించుచున్నాము. ఆ గడియలోనున్న మనుష్యుని మేము మైకు ముందర నిలువబెట్టి, బాగుగా కనబడుచున్నదని సాక్ష్యము చెప్పించి యుందుము. వాడు అబద్ధమాడి సగము చూపుతోనే ఇంటికి పోయి యుండును.

మా సంఘ పెద్దలు కూడి ఒక తీర్మానము చేసిరి. మా గుడిలో ఇకమీదట ఎవరి మందులును బల్లమీద పెట్టించబడవు. ఏ ప్రసంగీకుడు వచ్చినను ఈ మాట ముందుగా చెప్పబడును. దీనివలన ఒకరిద్దరు నొచ్చుకొనిరి. ఒక కుటుంబము వేరొక ప్రార్థన మందిరమునకు పోవుచున్నది. వారిని చూచుటకు మేము వెళ్లుచునే యున్నాము.

డాక్టరు దూరమైనవారికి, రాత్రివేళ మనస్సు చెదరినవారికి, టెలిమానస్ అను ప్రభుత్వ ఫోను సహాయము 2022 అక్టోబరునుండి ఉన్నది. నంబరు 14416. రాత్రింబగళ్లు తెలుగులోనే మాటలాడుదురు, డబ్బు తీసికొనరు. ఈ నంబరు గుడి తలుపు లోపలి ప్రక్కన, పాటల సంఖ్యలు వ్రాయు పలకకు క్రింద వ్రాయించితిమి. బ్రదుకు వద్దని ఎవరైనను నోట అనినయెడల తెల్లవారు వరకు ఆగవద్దు. వారియొద్ద ఒకరు కూర్చుండుడి, ఒకరు ఫోను చేయుడి.

ఆ సహోదరి సంగతి. డాక్టరమ్మ ఆ దినముననే మాత్ర తిరిగి మొదలుపెట్టించెను. వారము తిరుగకముందే తల తిరుగుట తగ్గెను. తరువాత రెండు మందులను వేరువేరు మాత్రలుగా వ్రాసి, మొదట క్లోనజెపామును నెలల మీద తగ్గించి మాన్పించెను. ఆమె ఒక ఏడాది నిలకడగా ఉండిన తరువాతనే రెండవదాని జోలికి పోయెను. ఇప్పుడామె 5 మిల్లీగ్రాముల మాత్రలో సగము వేసికొనుచున్నది. మిషను ప్రక్కన గోడకు సంఘపు క్యాలెండరు వ్రేలాడుచున్నది. మోతాదు తగ్గించిన దినమున బట్టమీద గీయు సుద్దతో ఒక గీత, తల తిరిగిన దినమున ఒక సున్న. ఈ ఏడాది సున్నలు కొద్దిగానే యున్నవి.

పోయిన వారము వెళ్లినప్పుడు గీత ఏదియు కనబడక, తగ్గించలేదా అమ్మా అని అడిగితిమి. "ఈ నెల వద్దనుకున్నాను అయ్యగారూ. పెళ్లిళ్ల రోజులు, జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. వచ్చే నెల చూద్దామని డాక్టరమ్మతో చెప్పాను" అనెను. జాకెట్లు వేళకు పూర్తి కావలెనని ప్రార్థన చేసి, ఆమె ఇచ్చిన టీ త్రాగి వచ్చితిమి.